రోస్విటా భుజం

జనవరి 7

రోస్విటా చెయ్యి విరిగింది. ఎడమ మణికట్టు. బ్రెడ్ల దుకాణం మెట్టు మీద మంచు గడ్డకట్టి ఉంటే చూసుకోకుండా కాలు వేసిందట. మంచు కరిగేలా గుప్పెడు ఉప్పు చల్లడానికి ఆ దుకాణం వాడికి చెయ్యి రాలేదు.

ఆస్పత్రి నుంచి తనే నాకు ఫోన్ చేసింది.

"ఎక్కీ, విన్నావా? నాలుగు వారాలు కట్టు. ఆ తర్వాత వేడినీళ్ల చికిత్స అంటున్నారు. ఫిబ్రవరి కచేరీకి నేను లేనట్టే."

"నువ్వు లేకుండా ఎలా?"

"చచ్చిపోలేదుగా. యోరిండె ఉంది, బాగానే వాయిస్తుంది. నువ్వు మాత్రం కాస్త..." అని ఆగింది.

"నేను కాస్త ఏమిటి?"

"ఏం లేదులే. మందు ఇచ్చారు, నిద్ర ముంచుకొస్తోంది."

మా ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్ కుర్చీ రోస్విటాది. నేను ఈ ఊరికి కండక్టరుగా రాకముందు నుంచీ ఆమెదే. జ్వరంతో వచ్చింది, మొగుడి అంత్యక్రియలు అయిన వారానికే వచ్చింది. విరగ్గొట్టుకోవడానికి ఇదే సమయం దొరికిందా? మార్చిలో నా ఒప్పందం పొడిగింపు మీద ఓటింగు. ఆర్కెస్ట్రా సరేనంటే నగరసభ సరేనంటుంది. వద్దంటే ఇల్లు సర్దుకోవడమే. యాభై ఎనిమిదేళ్ల కండక్టర్ని, అదీ సొంత ఆర్కెస్ట్రా వద్దన్నవాణ్ణి, ఏ ఊరు పిలుస్తుంది? నాటకశాలలో గాయకులకి పియానో వాయించే పనితో మొదలుపెట్టి, ఒక ఊళ్లో మూడో కండక్టర్ని, ఇంకో ఊళ్లో రెండో కండక్టర్ని అయి, చివరికి హాలర్‌ష్టెట్‌లో తొమ్మిదేళ్లుగా మొదటివాణ్ణి అయ్యాను. ఇక్కణ్ణుంచి దిగితే కింద మెట్లు లేవు.

జనవరి 8

విరిగింది ఒక వయొలిన్ చెయ్యి. కండక్టరు చెయ్యి కాదు. ఎందుకింత కంగారు పడుతున్నానో.

జనవరి 15

ఇ మైనర్ సింఫనీ మొదలుపెట్టాం. దానికి వాకిలీ గుమ్మమూ లేవు, నేరుగా నడింట్లోకి తీసుకెళుతుంది. తాళం దెబ్బ పడే ముందే వయొలిన్లు మెల్లిగా ఎత్తుకోవాలి. నేను దాన్ని ఎన్నిసార్లు మొదలుపెట్టానో నాకే లెక్క లేదు. ఏనాడూ ఇబ్బంది రాలేదు.

ఇవాళ చెయ్యి దించాను. రోస్విటా కుర్చీలో కూర్చున్న యోరిండె బెంకె, ఆమె పక్కనున్నవాళ్లు ఠకామని వచ్చారు. వెనక వరసలు తర్వాత వచ్చాయి. చెల్లో వాద్యాలు ఇంకా తర్వాత. బస్సు వెనక పరుగెత్తే జనంలా ఒకరి తర్వాత ఒకరు. ఆపాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే.

"బెంకె గారూ, ఎందుకంత తొందర?"

"తొందరపడలేదండీ. మీ చెయ్యి దిగినప్పుడే వచ్చాను."

"ఇక్కడ చెయ్యి దిగగానే వాయించం. ఒక ఊపిరి ఆగి వాయిస్తాం. అది ఈ ఆర్కెస్ట్రా పద్ధతి."

"ఎంత ఊపిరి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అది చెప్పేది కాదు. దానంతటదే తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుందండీ?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. వెటకారమైతే జవాబు చెప్పేవాణ్ణి.

యోరిండెది ఇంకా పరీక్ష ఏడాది. పోయిన వసంతంలో ఎవరో తెలియకుండా తెర వెనక నిలబడి వాయించినప్పుడు అందరికన్నా ఎక్కువ చేతులు ఆమెకే లేచాయి. నాదీ లేచింది. ఏడాది చూసి మూడింట రెండు వంతుల మంది సరేనంటే రోస్విటా పక్క కుర్చీ శాశ్వతంగా ఆమెది. రోస్విటా రిటైరయ్యాక ముందు కుర్చీ కూడా. ఉత్తరాన రేడియో ఆర్కెస్ట్రాలో ఉద్యోగం వదులుకుని వచ్చింది. అక్కడ మైకుల ముందు మరమనుషుల్లా వాయిస్తారని విన్నాను. ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను.

జనవరి 16

మళ్లీ అదే.

జనవరి 22

క్యాంటీన్‌లో బఠాణీ సూపు. డెట్లెఫ్ పళ్లెం పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చెల్లో వాయించేవాళ్లలో మూడోవాడు, కానీ వాద్యకారుల సంఘానికి పెద్ద. అతను ఎదురుగా కూర్చుంటే ఏదో ఉన్నట్టే.

"సమావేశం మార్చి పదకొండున పెట్టాం, తీసెన్ గారూ. రెండు పనులూ అప్పుడే. ముందు బెంకె గారి పరీక్ష ఏడాది. ఆవిడ గురించి మొదట మీరు మాట్లాడాలి. తర్వాత మీరు బయటికి వెళతారు, మేం మీ గురించి మాట్లాడుకుంటాం."

"నా గురించి మాట్లాడుకోవడానికి ఏముంది?"

"పెద్దగా ఏం లేదు. కొంతమంది కొత్త ముఖం కావాలంటున్నారు. అలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఫిబ్రవరి కచేరీ సాఫీగా జరిగిపోతే ఆ మాటే ఎత్తరు."

"జరక్కపోతే?"

డెట్లెఫ్ రొట్టెముక్కతో గిన్నె అడుగు శుభ్రంగా తుడుచుకుని నోట్లో వేసుకున్నాడు.

"జరక్కపోతే ఎవరివల్ల జరగలేదో మీరే చెబుతారు కదా. మొదట మాట్లాడేది మీరే."

అతను వెళ్లేసరికి నా సూపు చల్లారిపోయింది.

జనవరి 23

ఎవరివల్లో అందరికీ కనిపిస్తూనే ఉంది. నేను చెప్పాల్సిన పని కూడా లేదు.

జనవరి 29

గెజీనె ఇవాళ పాఠాలు లేవని రిహార్సల్‌కి వచ్చి బాల్కనీలో కూర్చుంది. పెళ్లయి ముప్ఫై ఏళ్లయినా నా రిహార్సల్‌కి పిలవనిదే రాదు. ఇవాళ పిలవలేదు. ఇంటికి నడిచి వస్తుంటే వంతెన దగ్గర ఆగి నా వైపు తిరిగింది.

"చెప్పు," అన్నాను.

"కోప్పడతావు."

"కోప్పడను."

"నీ చెయ్యి కిందికి వస్తుంది చూడు, తాళం పడాల్సిన అడుగుకి తగలకముందే పైకి లేచిపోతోంది. వేడి పెనం ముట్టుకున్నట్టు. అడుగు ఎక్కడో ఎవరికీ తెలియడం లేదు, ఎక్కీ. ఆ పిల్ల తెలుసుకోవాలని కళ్లు చించుకుని చూస్తోంది. మిగతావాళ్లు అసలు చూడడమే లేదు."

"తొమ్మిదేళ్లుగా ఇదే చెయ్యి. ఇదే ఆర్కెస్ట్రా."

"అదేగా నేనూ ఆలోచిస్తున్నాను."

కోప్పడ్డాను.

జనవరి 30

గెజీనె పిల్లలకి పియానో నేర్పుతుంది. పియానోకి కండక్టరు అక్కర్లేదు.

ఫిబ్రవరి 4

యోరిండె నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తీసెన్ గారూ, మీకు ఎక్కడ కావాలో ఒక్కసారి చూపించండి. ఇక్కడ, ఈ బల్ల దగ్గర. నేను పెన్సిల్‌తో కొడతాను."

చూపించాను. కొట్టింది. మళ్లీ చూపించాను, మళ్లీ కొట్టింది. నాకు రెండుసార్లూ ఒకలాగే చూపించినట్టు ఉంది. పెన్సిల్ రెండుసార్లూ వేరువేరు చోట్ల పడింది.

"చూశారా?" అంది మెల్లిగా.

"పెన్సిల్ వయొలిన్ కాదు, బెంకె గారూ."

"కాదండీ," అని వెళ్లిపోయింది.

ఏం చూడమంటుంది? పొగరు. మర్యాదగా ఉండే పొగరు మరీ కష్టం.

ఫిబ్రవరి 9

రోస్విటా దగ్గరికి వెళ్లొచ్చాను. రైల్లో, తర్వాత బస్సులో. కొండ మీద ఆస్పత్రి, కారిడార్లన్నీ గంధకం వాసన, అందరూ తెల్ల గౌన్లలో చెప్పులు ఈడ్చుకుంటూ తిరుగుతున్నారు. కట్టు తీసేశారు. ఎడమచెయ్యి సగం చిక్కిపోయింది. ఈస్టర్ దాకా వయొలిన్ ముట్టుకోవద్దన్నారట. ఫలహారశాలలో గసగసాల కేకు తెప్పించి నా ముక్క కూడా తనే సగం తినేసింది.

అంతా చెప్పాను. యోరిండె ముందే వచ్చేస్తోందని, వెనకవాళ్లు ఎటూ తేల్చుకోలేకపోతున్నారని, డెట్లెఫ్ సూపు తాగుతూ అన్న మాట కూడా. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అది రోస్విటాకి అలవాటు లేని పని.

"ఆ పిల్ల తప్పేం లేదు," అంది చివరికి.

"మరి ఎవరిది?"

"నువ్వు కోప్పడనంటే చెబుతాను."

ఈమధ్య అందరూ ముందు ఇదే అడుగుతున్నారు.

"నువ్వు వచ్చిన మొదటి నెలలోనే చూశాను, ఎక్కీ. నీకు సంగీతం తెలుసు, వాయించే రచన తెలుసు, రిహార్సల్ బాగా చేయిస్తావు. చెయ్యి మాత్రం కంగారు చెయ్యి. ఎప్పుడూ ఒక అడుగు ముందే పారిపోతుంది. అందుకని వయొలిన్లవాళ్లకి చెప్పాను, నా కుడి భుజం చూడండి, అది లేచినప్పుడు ఊపిరి తీసుకోండి, దిగినప్పుడు వాయించండి అని. వాళ్లని చూసి చెల్లోలు, వాళ్లని చూసి హార్న్‌లు. కొన్నాళ్లకి ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అలవాటైపోయింది. ఎందుకు చూస్తున్నారో ఇప్పుడు వాళ్లకే గుర్తుండి ఉండదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చక్కగా జరిగిపోతోంది కదా. జరుగుతున్నదాన్ని ఎవరు కదిలిస్తారు?"

కిటికీ బయట ఒక ముసలాయన మంచులో కర్ర పొడుచుకుంటూ నడుస్తున్నాడు. రోస్విటా వంగి నా చెయ్యి పట్టుకుంది.

"ఇలా చూడు. వాయించలేను గానీ కూర్చోగలను. కచేరీ రోజు ముందు కుర్చీలో కూర్చుంటాను, వయొలిన్ ఒళ్లో పెట్టుకుని. యోరిండె పక్క కుర్చీలోకి జరుగుతుంది. నా భుజం కనిపిస్తే చాలు, అందరూ వచ్చేస్తారు. మార్చిలో నీ పని అయిపోతుంది. తర్వాత సంగతి తర్వాత."

"వాయించని మనిషి ముందు కుర్చీలోనా? జనం ఏమనుకుంటారు?"

"పాపం, చెయ్యి విరిగినా వచ్చిందనుకుంటారు. చప్పట్లు కొడతారు."

"పక్క కుర్చీలోకి జరిపితే యోరిండె పరీక్ష ఏడాది?"

రోస్విటా మిగిలిన కేకు తినేసింది.

ఫిబ్రవరి 10

నేనేం చెప్పి వచ్చానో ఇక్కడ రాయక్కర్లేదు. నాకు తెలుసు.

ఫిబ్రవరి 16

రిహార్సల్ మొదట్లోనే ప్రకటించాను. కచేరీకి రోస్విటా కాల్ గారు వస్తున్నారు, ముందు కుర్చీలో కూర్చుంటారు, బెంకె గారు పక్కకి జరుగుతారు. కచేరీ కోసం. ఆర్కెస్ట్రా ఐక్యత కోసం. ఇంకేదో కూడా అన్నాను. కొందరు బూట్లు నేలకి రాసి మెచ్చుకున్నారు. ఇక్కడ చప్పట్ల బదులు అదే. కొందరేమిటి, ఎక్కువమందే రాశారు.

యోరిండె లేచి, తన పెన్సిలూ రబ్బరూ తీసుకుని పక్క కుర్చీలోకి జరిగింది. అందుకు ఇంకా పదకొండు రోజులుంది. ఇవాళే జరగమని ఎవరూ అనలేదు.

"కచేరీ రోజుకి చాలు, బెంకె గారూ."

"ఇప్పుడే అలవాటు చేసుకుంటానండీ," అంది.

ముందు కుర్చీ రోజంతా ఖాళీగా ఉంది. నేను కిందికి చూసినప్పుడల్లా అదే.

ఫిబ్రవరి 17

ఏ కండక్టరైనా ఇదే చేస్తాడు. వినేవాళ్లకి ముఖ్యం కచేరీ. ఒక మనిషి కాదు.

ఫిబ్రవరి 26

జనరల్ రిహార్సల్, కచేరీకి ముందురోజు జనం ఎదుట మొత్తం ఒకసారి. పింఛనుదారులకీ బడిపిల్లలకీ సగం ధర టిక్కెట్టు, హాలు నిండింది.

రోస్విటా వచ్చింది. నల్ల దుస్తులు, ఒళ్లో వయొలిన్, చేతికి బూడిదరంగు పట్టీ. చెయ్యి ఎత్తాను, దించాను. సింఫనీ మొదలైంది. ఎక్కడా చిన్న మెట్టు కూడా తగల్లేదు. ఆరు వారాలుగా ముక్కలుముక్కలుగా ఉన్నది ఒక్క క్షణంలో అతుక్కుపోయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే సంతోషించాను. ఇదీ నా ఆర్కెస్ట్రా అనుకున్నాను.

రెండో భాగంలో, నెమ్మదిగా సాగేచోట, నాకేం బుద్ధి పుట్టిందో చెయ్యి ఆపేశాను. మొదట ఎడమది. తర్వాత కుడిది కూడా మెల్లిగా దించి తాళం చూపించే కర్రని తొడకి ఆనించి నిలబడ్డాను.

ఏమీ కాలేదు.

క్లారినెట్లు వచ్చాయి, వెళ్లాయి. చెల్లోలు ఎత్తుకున్నాయి. వేగం తగ్గాల్సినచోట తగ్గింది, ముందుకెళ్లాల్సినచోట వెళ్లింది. అన్నీ నేను నేర్పినట్టే. ఎవరూ తలెత్తి చూడలేదు. డెట్లెఫ్ తన ముందున్న సంగీతం కాగితం చూస్తున్నాడు, మధ్యమధ్య రోస్విటా భుజం చూస్తున్నాడు. నేను అక్కడ నిలబడి వింటున్నాను, టిక్కెట్టు కొనుక్కున్నవాడిలా. ఎంతసేపో తెలియదు.

ఒక్క మనిషి చూసింది. పక్క కుర్చీలోంచి యోరిండె తలెత్తింది. కిందికి వేలాడుతున్న నా చేతిని చూసింది. నా ముఖం చూసింది. గబుక్కున చెయ్యి ఎత్తేశాను.

చివర్లో పింఛనుదారులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆర్కెస్ట్రా బూట్లు రాసింది. నేను వంగి నమస్కరించాను.

ఫిబ్రవరి 27, మధ్యాహ్నం

గెజీనె చొక్కా ఇస్త్రీ చేసిపెట్టింది. నేను భోజనం ముట్టలేదు. సాయంత్రం కచేరీ. నేను చేయాల్సిందల్లా నిలబడి చెయ్యి ఊపడం. మార్చిలో పని అయిపోతుంది.

అయిపోతుంది. ఇంకో అయిదేళ్లు అలా నిలబడొచ్చు.

ఫిబ్రవరి 28

రోస్విటాని బాల్కనీలో కూర్చోబెట్టాను.

రాత్రి కచేరీకి ముందు నా గదికి పిలిచి చెప్పాను. అద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకుంటోంది, దువ్వెన అలాగే ఆగిపోయింది.

"నిన్న అంత బాగా వస్తే ఇదేం బుద్ధి, ఎక్కీ?"

"నిన్న వచ్చింది నాది కాదు."

"ఎవరిదైతే ఏం? జనం డబ్బిచ్చింది సంగీతం వినడానికి. నీ చెయ్యి చూడడానికి కాదు."

"నేను చూసుకోవాలి."

"ఓటింగు నెత్తి మీద పెట్టుకునా?" కోటు తీసి భుజాన వేసుకుంది. "సరే, నీ ఖర్మ. పడిపోయేటప్పుడు మాత్రం బాల్కనీ వైపు చూడకు."

యోరిండెకి తెర పక్కన చెప్పాను, ముందు కుర్చీ మీదేనని. "అడుగు చూపిస్తారా?" అంది.

"చూపిస్తాను."

వేదిక ఎక్కాను. చెయ్యి ఎత్తాను. హాల్లో ఎవరో దగ్గి ఆగారు. యోరిండె కళ్లు నా చేతి మీదే ఉన్నాయి. ఆ చెయ్యి పరుగెత్తాలని చూస్తోంది. ఆపాను. నిండుగా కాఫీ పోసిన కప్పుని బల్ల మీద పెట్టినంత మెల్లిగా దించాను, అడుగుకి తగిలేదాకా. ఆమె అక్కడే వచ్చింది. సరిగ్గా అక్కడ. మిగతావాళ్లు తర్వాత, ఒకరూ ఇద్దరూగా, అయోమయంగా వచ్చారు. బాగా మొదలవలేదు. కానీ మొదలైంది నా చేతిలోంచి. వేలికొసల దాకా తెలిసింది. అలా ఉంటుందని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది.

మిగతాది ఎలా జరిగిందో దాచుకోవడం దేనికి? రెండుచోట్ల చెల్లోలు వెనకపడ్డాయి. చివరి భాగంలో నేనే మళ్లీ కంగారుపడ్డాను. హార్న్‌లు ఒక ఆవర్తం ముందే ఎత్తుకున్నాయి, ఫ్లూట్‌లు ఆగిపోయాయి, అందరి కళ్లూ లేని భుజం కోసం వెతికాయి. కూలిపోతోందనిపించింది. అప్పుడు యోరిండె వైపు చూసి మొదటి దెబ్బ పెద్దగా, మోటుగా చూపించాను. ఆమె సరిగ్గా అక్కడే అందుకుంది. ఆమె చుట్టూ మిగతావాళ్లు చేరారు. ఒడ్డున పడ్డాం.

చప్పట్లు మర్యాదగా కొట్టారు. డెట్లెఫ్ నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర గెజీనె నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ చూశాను," అంది.

మార్చి 2

పత్రికలో వచ్చింది. "అతుకులు కనిపించిన సాయంత్రం." రాసినాయన రిటైరైన భూగోళం మాస్టారు. అయినా తప్పు రాయలేదు.

మార్చి 5

డెట్లెఫ్ ఫోన్ చేశాడు. కంగారు పడకండన్నాడు. కచేరీ పాడవడానికి కారణం ఎవరో అందరూ చూశారు, కాల్ గారు కూర్చున్న రోజున ఎలా ఉంది, ఆ అమ్మాయి కూర్చున్న రోజున ఎలా ఉంది, ఇంకేం కావాలి, సమావేశంలో మీరు ఒక్క మాట అంటే చాలన్నాడు.

ఒక్క మాట. అది అంటే నాకు అయిదేళ్లు.

మార్చి 11

రిహార్సల్ గదిలో సమావేశం. యోరిండెని బయట ఉండమన్నారు, అది నియమం. డెట్లెఫ్ నన్ను మాట్లాడమన్నాడు. రాసుకెళ్లిన కాగితం తియ్యలేదు.

"బెంకె గారు చెయ్యి ఎక్కడ దిగితే అక్కడ వాయిస్తారు," అన్నాను. "మా దగ్గర ఆ పని చేసేది ఆవిడ ఒక్కరే. ఫిబ్రవరిలో మీరు విన్న అతుకులు ఆవిడవి కాదు, నావి. నా చెయ్యి స్పష్టంగా ఉండదు. తొమ్మిదేళ్లుగా మీరు కాల్ గారి భుజం చూసి వాయిస్తున్నారు, నన్ను చూసి కాదు. అది నాకు పోయిన నెలలోనే తెలిసింది. ఆవిడకి ఓటు వేయండి. నాకు వేస్తారో లేదో మీ ఇష్టం."

రోస్విటా నేల చూస్తోంది. తర్వాత ఎక్కడో ఒక బూటు నేలకి రాసుకుంది. ఇంకొకటి. క్షణంలో గది అంతా. అర్థం చేసుకున్నారనుకున్నాను.

యోరిండె ఓటింగు చీటీలు లెక్కపెట్టారు. మూడింట రెండు వంతులు రాలేదు. దగ్గరకి కూడా రాలేదు.

ఏదో అనబోయాను. డెట్లెఫ్ తలుపు చూపించాడు. ఇప్పుడు నా వంతు, నేను బయటికి వెళ్లాలి. కారిడార్లో కాఫీ యంత్రం పక్కన నిలబడ్డాను. యోరిండె కిటికీ దగ్గర ఉంది. నా ముఖం చూసింది. కోటు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

డెట్లెఫ్ నవ్వుకుంటూ వచ్చాడు.

"శుభాకాంక్షలు, తీసెన్ గారూ. ఇంత మెజారిటీ ఇక్కడ ఎవరికీ రాలేదు. అయిదేళ్లు."

"ఆవిడకెందుకు వెయ్యలేదు?"

"మీరు అలా మాట్లాడాక ఎలా వేస్తారండీ? బాగా వాయించే మనిషికి వకాల్తా ఎందుకు? పాపం, ఆవిణ్ణి కాపాడడానికి మీరు తప్పంతా నెత్తిన వేసుకోవాల్సి వచ్చిందంటేనే తెలిసిపోయింది. వేయాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు కూడా తేల్చేసుకున్నారు."

"నేను చెప్పింది నిజం."

"అవునవును." నా భుజం తట్టాడు. "పెద్దమనిషి తరహా. మీకు పడని వాళ్లకి కూడా అది నచ్చింది."

"డెట్లెఫ్ గారూ, నా చెయ్యి స్పష్టంగా ఉండదు."

"మీ చెయ్యి మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదండీ," అన్నాడు. "ఎవరు చూస్తారు?"

మార్చి 12

రోస్విటాకి ఫోన్ చేసి, నువ్వెందుకు నోరు విప్పలేదని అడిగాను. నిన్న నువ్వు చెప్పి ఉంటే నమ్మేవాళ్లు కదా అన్నాను.

"నమ్మితే నీ ఉద్యోగం పోయేది," అంది. "నేను వేసింది నీకే, ఎక్కీ."

"యోరిండెకి?"

"కెటిల్ కూస్తోంది. ఉంటాను."

మార్చి 14

యోరిండె బీరువా ఖాళీ చేస్తుంటే వెళ్లాను. ఇంకా ఎక్కడా ఉద్యోగం చూసుకోలేదట. రేడియోలో ఆమె చోటు ఎప్పుడో నిండిపోయింది. క్షమించమన్నాను. నా సంగీత పుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉండిపోయింది, తీసి ఇచ్చింది.

"మీరు చెప్పింది నిజమని నాకు తెలుసు," అంది. "ఆ గదిలో అది తెలియాల్సింది నాకు కాదు గానీ."

"ఇంకేం చేయగలనో తెలియడం లేదు."

వయొలిన్ పెట్టె భుజాన తగిలించుకుంది. "ఆరోజు మొదట్లో చెయ్యి దించారు చూడండి. ఇకముందు కూడా అలాగే దించుతారా?"

"దించుతాను."

"మంచిది," అంది. నవ్వింది కూడా. నేనైతే నవ్వగలిగేవాణ్ణి కాదు.

మార్చి 20

ఒప్పందం కాగితాలు వచ్చాయి. సంతకం పెట్టనని గెజీనెతో అన్నాను.

"పెట్టకపోతే?"

"పాఠాలు చెప్పుకుంటాను."

"దేంట్లో?" అంది. వెక్కిరింపు కాదు. తనకి నిజంగానే తోచలేదు. నాకూ తోచలేదు.

మార్చి 27

పెట్టాను.

ఏప్రిల్ 14

ఈస్టర్ అయింది. రోస్విటా తిరిగొచ్చింది. డాక్టరు వయొలిన్ పట్టుకోవచ్చన్నాడు. వేసవి తర్వాత కూడా రెండేళ్లు ఉంటానంది, అందరూ బూట్లు రాశారు. పక్క కుర్చీకి మళ్లీ తెర వెనక పరీక్షలు పెడతారు. అప్పటిదాకా వెనక వరస నుంచి ఒకాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు.

ఇన్నాళ్లూ పడకగది అద్దం ముందు సాధన చేశాను. గెజీనె మంచం అంచున కూర్చుని నా చెయ్యి చూసి పెన్సిల్‌తో కొట్టేది. నిన్న సాయంత్రానికి ఎన్నిసార్లు దించినా పెన్సిల్ ఒక్కచోటే పడింది. "వచ్చేసింది, ఎక్కీ," అంది. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను.

ఇవాళ వసంత కచేరీకి మొదటి రిహార్సల్. అదీ మెల్లిగా ఎత్తుకునే రచనే. వేదిక ఎక్కి చెయ్యి ఎత్తాను. తొందరపడలేదు. పైన ఆపి, ఊపిరి తీసుకుని, ముందు వరస నుంచి చివరిదాకా అందరినీ చూశాను. ఇప్పుడు దించాలి, మెల్లిగా, అడుగు దాకా.

రోస్విటా భుజం లేచి దిగింది. యాభై మందీ ఒక్క మనిషిలా ఎత్తుకున్నారు. ఎంత బాగుందో చెప్పలేను, ఎక్కడా ఒక్క అతుకు లేదు.

నా చెయ్యి ఇంకా పైనే ఉంది.